ఎడమచేతి వడుకు

మొన్న ఆదివారం పొద్దున ఇద్దరు పిల్లలు కరీంనగర్‌లో మా ఇంటికి వచ్చారు. ఒకడు ప్రవీణ్, మా తండ్రికి అన్నయిన పెద్దబాపు రాజయ్య మనవడు, నాకు మేనల్లుడి వరస. రెండోవాడు వాడి స్నేహితుడు, కంప్యూటర్ మీద పుస్తకాలు దిద్ది అచ్చుకు ఇస్తాడట. మా కురుమోళ్లు కొత్తగా కడుతున్న కులభవనంలో ఒక గది నిండా పాత వస్తువులు పెడతారట. ఉన్ని కత్తిరించే కత్తెరలు, కదుర్లు, డోళ్లు, గొర్రెల మెడగంటలు. వాటికి తోడు ఒక పుస్తకం. నేను బతుకంతా తెలుగు పంతులమ్మగా చేసినదాన్ని కాబట్టి ఆ పుస్తకంలో తప్పులు దిద్దాలి, అది ఒక పని. రెండో పని అడగడానికి ప్రవీణ్ కాసేపు నసిగాడు.

"తాత గొంగడి ఏడున్నదో నీకే ఎర్కనట గదా అత్తమ్మా. గదే, మీటింగులల్ల భుజాన వేసుకునేది. నడుమ అద్దాల పెట్టెల గా గొంగడే ఉండాలని అందరు అంటున్నరు."

తాత గొంగడి అన్న మాట వినగానే నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. పక్క గదిలో మా మేనత్త కొమురవ్వ మంచం మీద పడుకొని ఉంది. ఎనభైకి దగ్గరపడింది, కాళ్లు రావు, కళ్లు అంతంతమాత్రం, చెవులు మాత్రం పాము చెవులు. ఆమెకు వినబడిందేమోనని తలుపు వైపు చూసి, నోటిదాకా వచ్చిన మాట మింగి, ముందు పుస్తకం ఇటివ్వమన్నాను.

దేశంలో గొర్రెలనూ గొడ్లనూ నమ్ముకుని బతికే జాతులన్నిటి పెళ్లిళ్ల గురించి ఆ పుస్తకం. మొదట గుజ్జర్లు. ఎడారి పక్క ఊళ్ల నుంచి మంచు కొండల దాకా మందలతో బతికే వాళ్ల ఫోటోలు, పెద్ద పెద్ద తలపాగాలు, మెడనిండా వెండి సొమ్ములు వేసుకున్న పెండ్లికూతుళ్లు. వాళ్లలో మొగడు పోయిన ఆడమనిషి మరిదినో మరొకరినో కట్టుకుని మళ్లీ ఇంటిదయ్యే పద్ధతి ఉందని, కొన్ని దిక్కుల దాన్ని నాతా అంటారని, కాపరి జాతుల మనసు ఎంత పెద్దదో చూడండని ఒక పేజీ నిండా మెచ్చుకున్నారు. సంతోషం. తర్వాత మనవాళ్ల పెళ్లి. ఒగ్గు పూజారి రంగుల ముగ్గుతో బీరప్ప పట్నం వేయడం, డోళ్ల దరువు, నొసటికి బండారి పసుపు, పిల్లనూ పిల్లగాణ్నీ నల్ల గొంగడి మీద కూర్చోబెట్టడం, చేతికి ఉన్ని దారంతో కంకణం కట్టడం, అన్నీ ఉన్నాయి. చివరిదాకా తిప్పాను. మళ్లీ మొదటి నుంచి తిప్పాను.

"మారుమనువు ఏదిరా?" అన్నాను.

"అది వద్దన్నరు అత్తమ్మా. ఇప్పుడు మనోళ్లల్ల డాక్టర్లున్నరు, ఇంజనీర్లున్నరు. సదువుకున్నోళ్లు సూసి నవ్వుతరని పెద్దమనుషులు అన్నరు."

"గుజ్జర్లది రాసిండ్రు గదా మరి?"

"అది వాళ్లది గదా మేడం," అన్నాడు స్నేహితుడు, నాకు లెక్క అర్థం కాలేదేమో అన్నట్టు.

ఎంత చక్కటి న్యాయమో చూడండి. ఎక్కడో వేల మైళ్ల అవతలి వాళ్లు చేస్తే అది పెద్ద మనసు, ఫోటో వేసి దండ వేయవలసిన సంస్కృతి. అదే పని మన అవ్వలు, మన బాపమ్మలు చేస్తే మాత్రం ఇజ్జత్ పోయే ముచ్చట, పుస్తకంలోంచి గీకేయవలసిన మచ్చ. పైగా ఆ పుస్తకం పక్కన అద్దాల పెట్టెలో పెట్టడానికి వీళ్లకు కావలసింది ఏ గొంగడి? సరిగ్గా ఆ గొంగడే కావాలి. కడుపు మండకేం చేస్తుంది?

మా ఊరు జమ్మికుంట నుంచి ఎడ్లబండి మీద పోయేంత దూరం. మా ఇంటికి ఎవరొచ్చినా వాకిట్లోకి రాకముందే గొర్రెల వాసన ఎదురు పోయేది. నాకది వాసన అని కూడా తెలియదు, బడిలో పక్కన కూర్చున్న పిల్ల ముక్కు మూసుకున్న నాటిదాకా. కత్తిరింపు రోజుల్లో ఇల్లంతా ఉన్ని. అన్నంలో ఉన్ని పోగు, మంచినీళ్లలో ఉన్ని పోగు, మా బాపమ్మ కొప్పులో తెల్ల వెంట్రుకలతో కలిసి నల్ల పోగులు. వెనక కొట్టంలో గొంగళ్లు నేసే ఎల్లయ్య తాత గుంట మగ్గం. నేత దారానికి గట్టిదనం రావడానికి చింతగింజలు ఉడకబెట్టి గంజి కాచేవాళ్లు. ఆ పుల్లటి కమురు వాసన, ఎండలో ఆరేసిన తడి ఉన్ని వాసన కలిసి వస్తే ఆ రోజు గొంగడి మగ్గమెక్కుతుందని లెక్క. బాపు ఇంట్లో ఉండేది తక్కువ. ఎండలు ముదిరితే మా వైపు మేత ఉండదు, మంద తోలుకుని గోదావరి దాటి ఇచ్చోడ అడవుల దిక్కు పోయేవాడు. ఆయన ఉన్నప్పుడు ఇంట్లో కుక్క కూడా నెమ్మదిగా ఉండేది. లేనప్పుడు ఇల్లు బాపమ్మది.

పేరుకు మాత్రం ఇంటి పెద్ద మా పెద్దబాపు రాజయ్య. మంద వెనక నడవడం ఆయన ఎప్పుడో మానేశాడు. జమ్మికుంట మార్కెట్‌లో పెద్ద ఆసాముల పక్కన కుర్చీ దొరికింది ఆయనకు. ఇస్త్రీ ధోవతి కట్టేవాడు. ఇంటికొస్తే కాళ్లు కడుక్కునే ముందు మా వాకిలి చూసి మొహం చిట్లించేవాడు. ఆ వాకిట్లోనే పుట్టాడు పాపం, ఏం చేస్తాడు.

కొమురవ్వ అత్త వాళ్లిద్దరికీ చెల్లెలు. చిన్నప్పుడే పెళ్లి చేసి ఇచ్చారు. మొగణ్ని అడవిలో పాము కరిచింది. అత్త వెనక్కి వచ్చిన రోజు నాకు బాగా జ్ఞాపకం, ఎందుకంటే ఒంటరిగా రాలేదు, గొర్రెలతో వచ్చింది. మాలో ఆడపిల్లకు పెళ్లిలో గొర్రెపిల్లలు అరణం ఇస్తారు. అవి, వాటికి పుట్టినవి, ఎక్కడున్నా ఆమెవే. ఏడ్చి ఏడ్చి ఉబ్బిన మొహంతో కట్టె పట్టుకుని తన గొర్రెలను తానే తోలుకుంటూ మా వాకిట్లోకి వచ్చి, "అవ్వా, వీటికి జర నీళ్లు పెట్టుండ్రి" అంది. తనకు నీళ్లు అడగలేదు.

అత్తది ఎడమచేతి వాటం. అన్నం కుడిచేత్తో తినమని బాపమ్మ చిన్నప్పుడు కొట్టి మాన్పించింది కానీ కదురు మాత్రం ఎడమచేత్తోనే తిప్పేది. అందరి దారం ఒక దిక్కు మెలిపడితే అత్త దారం ఇంకో దిక్కు మెలిపడేది. ఎల్లయ్య తాతకు అదొక తలనొప్పి. "కొమురి పోగు ఎవ్వల పోగుతోని కలువదు. కలిపితే ఒకటి బిగుస్తె ఒకటి విడుస్తది. దీని దారంతోని నెయ్యాలంటే నిండు గొంగడి దీని దారమే కావాలె" అని గొణిగేవాడు. గొణుగుతూనే వేలితో ఆ దారం సాపుగా రాసేవాడు, అంత సన్నం ఇంకెవరూ వడికేవాళ్లు కాదు. నడుస్తూ వడికేది, ముచ్చట పెడుతూ వడికేది, పోట్లాడుతూ కూడా వడికేది. మొగడు పోయాక వడకడం మానలేదు కానీ ముచ్చట మానేసింది.

ఆ యేడు ప్రత్యేక తెలంగాణ గొడవలతో మా బడి మూతబడింది. ఆడపిల్లను, పెద్దయ్యీ కాని వయసు, ఇంట్లో జరిగేదంతా చూడడం తప్ప వేరే పని లేదు. అడవి నుంచి తిరిగి వచ్చేటప్పుడు బాపు తనతో ఇంకో మందను, ఇంకో మనిషిని తీసుకొచ్చాడు. ఆ మనిషి ఇచ్చోడ సాయిలు. మాకు దూరపు చుట్టం, బాపుకు అడవిలో జోడు. భార్య పోయింది, పిల్లలు లేరు. అతని మాట సగం మరాఠీ. నన్ను పిల్లా అనడానికి "ఏ పోర్గీ" అని పిలిచేవాడు, ఆ మాటకు నాకు నవ్వాగేది కాదు. గొంగడి కొంగులో తునికిపండ్లు కట్టుకొచ్చి నా ముందు పోసేవాడు. అత్త దిక్కు ఒక్కసారి చూసినట్టు కూడా కనబడలేదు నాకు. కానీ నేను ఇచ్చిన నీళ్లు తాగేవాడు కాదు. "జర సల్లటియి లేవా?" అనేవాడు. చల్లటి నీళ్ల కుండ అత్త కూర్చునే అరుగు పక్కన ఉండేది. ఆ గుట్టు తెలిసి నన్ను కన్న అవ్వ వంటింట్లో కొంగు నోట్లో కుక్కుకుని నవ్వేది.

మందతో తిరిగి పోయే ముందు సాయిలు ఒక గంప తెచ్చి బాపమ్మ ముందు పెట్టి, ఏమీ మాట్లాడకుండా దండం పెట్టి పోయాడు. గంపలో ఉన్ని. అతని మందదే, కడిగి ఆరబెట్టినది, కొంచెం ఎరుపు కలిసిన నలుపు.

ఇక్కడ ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆ పుస్తకంలో చెప్పరు. మొదటి పెళ్లిలో పిల్లను ఎవరూ ఏమీ అడగరు. పట్నం వేస్తారు, డోలు కొడతారు, ఊరంతా తింటుంది, పిల్ల తలవంచుకుని కూర్చుంటుంది. మారుమనువులో అవేవీ లేవు. మా దిక్కు పద్ధతి ఏమిటంటే, చేసుకుంటానన్న మగవాడు తన మంద ఉన్ని తెచ్చి ఆమె ఇంట్లో పెట్టి పోతాడు. అంతే. ఆమెను బలవంతం చేయడానికి గానీ వద్దనడానికి గానీ ఎవరికీ నోరు లేదు, కులపెద్దకు కూడా. ఇష్టమైతే ఆమె ఆ ఉన్ని వడికి దారం ఉండలు పంపుతుంది. ఇష్టం లేకపోతే ఉన్ని ఎట్లా వచ్చిందో అట్లాగే వెనక్కి పోతుంది. దారం అందితే అతను చీర, రవిక, గాజులు తీసుకుని ఇద్దరు పెద్దలతో వస్తాడు, ఆమె ఆ చీర కట్టుకుంటుంది, నొసట బండారి పెడతారు, అయిపోయింది. ఏమాటకామాట, మా కులంలో ఆడదాన్ని నిజంగా అడిగింది ఈ ఒక్క చోటే. ఆ ఒక్కదాన్నే ఇప్పుడు సిగ్గని గీకేశారు.

గంప మూలకు అట్లాగే ఉంది. ఎవరూ దాని మాట ఎత్తలేదు. బాపమ్మ ఊడ్చేటప్పుడు దాని చుట్టూ ఊడ్చేది. అత్త మా ఉన్ని వడికేది, గంప వైపు వెనుదిరిగి కూర్చునేది. నేను రోజూ లేవగానే ముందు గంప చూసేదాన్ని. ఒక పొద్దున అత్త తలస్నానం చేసి, తడి వెంట్రుకలు వీపున వదిలి, వచ్చి గంప ముందుకు లాక్కుంది. ఉన్ని ఒళ్లో పోసుకుని వేళ్లతో విప్పడం మొదలుపెట్టింది.

"లచ్చీ, గా కదురు అందుకో బిడ్డా," అంది.

నేను కదురు ఇచ్చేసి వంటింట్లోకి ఉరికాను. బాపమ్మ పొయ్యి ముందు కూర్చుని కండ్లు తుడుచుకుంటూ ఉంది. పొగ అంది. పొయ్యిలో ఇంకా నిప్పే లేదు.

పెద్దబాపుకు తెలిసి మొదట కోపంతో గంతులేశాడు. బాపమ్మ ఒక్క మాటతో నోరు మూయించింది, అది అప్పుడు నాకు వినబడలేదు. ఆ తర్వాత ఆయన ఉన్నట్టుండి మంచివాడైపోయాడు. అత్త వడుకు పూర్తయ్యేదాకా ఏమీ అనలేదు. సాయిలు మంద మెట్‌పల్లి దగ్గర ఆగి ఉందని, జవాబు అందాక కదులుతాడని అందరికీ తెలుసు. బాపమ్మ దారం ఉండలకు పసుపు అద్ది కొత్త గుడ్డలో మూట కట్టింది. "నేను మెట్‌పల్లి పోతున్న అవ్వా, మార్కెట్ పని ఉన్నది. నేనే ఇచ్చొస్త. అన్నను గదా, నా సేతుల మీద పోతె మంచిగుంటది," అన్నాడు పెద్దబాపు. ఎంత ముద్దుగా అన్నాడో. అత్త ఆయన కాళ్లకు దండం పెట్టింది. అది తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

తర్వాత మేము ఎదురు చూశాం. కుక్క మొరిగితే అత్త లేచి నిలబడేది. అవ్వ వాకిలి రోజూ అలికేది. వాన పడింది, చేలు దున్నారు, ఎవరూ రాలేదు. ఒకనాడు ఎల్లయ్య తాతకు చింతగింజల గంజి ఇచ్చి రమ్మని బాపమ్మ పంపితే అత్త, నేను కొట్టంలోకి పోయాం. మగ్గం మీద కొత్త గొంగడి సగం దిగి ఉంది. అత్త గిన్నె కింద పెట్టి, వంగి, అంచు మీద వేలు పెట్టింది. ఎరుపు కలిసిన నలుపు. అందరి దారానికి ఎదురుగా మెలిపడిన దారం.

"ఇది ఎవ్వలియ్యమన్నరు తాతా?"

"మీ అన్ననే ఇచ్చిండు బిడ్డా. తనకే నెయ్యమన్నడు. మీటింగులకు పోతుంటడు గదా."

అత్త ఏడవలేదు. లోపలికి వచ్చి బాపమ్మతో, "అవ్వా, నా జవాబు మగ్గం మీదున్నది," అంది. అంతే. ఆ మాట అని గోడకు ఆనుకుని కూర్చుంది. ఆ రోజు ఎడమచేతిలోంచి దించిన కదురు మళ్లీ పట్టలేదు.

పెద్దబాపు వచ్చేదాకా బాపమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది. ఆయన చెప్పులు కూడా విడవకముందే అందుకుంది.

"దారం ఎందుకియ్యలేదురా?"

"ఇయ్యలే. ఏం జేస్తవు? పెద్దపెద్దోళ్ల పక్కన కూసుంటున్న. వాళ్ల ఇండ్లల్ల మొగడు సచ్చిన పిల్ల మళ్ల సీరె కట్టిందా ఎన్నడన్న? రేపు నేను ముఖం ఎట్ల సూపియ్యాలె?"

"వాళ్ల ఇండ్ల ముచ్చట నాకెందుకురా. మనం కురుమోళ్లం. నీ అయ్య ఉన్ని పంపితె నేను వడికి పంపిన. నా మొదటి మొగడు సచ్చినంక నాకు అయింది మారుమనువే. నువ్వు పుట్టింది గా మారుమనువులనే. నువ్వు సిగ్గువడితే నీ పుట్టుకకు సిగ్గువడాలె."

"గందుకేనే అవ్వా," అన్నాడు పెద్దబాపు గొంతు తగ్గించి. "మార్కెట్ల నా ఎనక ఏమంటరో నీకెర్కనా? మారుమనువుదాని కొడుకంటరు. అది నాతోనే పోవాలె. ఇంకోతరం ఎందుకు?"

ఆ మాటకు ఇప్పుడు నేను జాలి పడాలేమో. చదువుకున్నదాన్ని కదా, ఎవరి బాధ వాళ్లదని అర్థం చేసుకోవాలేమో. నాకు జాలి రాదు. తల్లి ఇష్టపడి కట్టుకున్న చీర వల్ల పుట్టినవాడు, చెల్లెలు ఇష్టపడి కట్టుకోబోయిన చీరను ఆపాడు. పరువు అన్నది పైమాట. లోపల ఇంకోటి కూడా ఉంది. అత్త పోతే అత్త అరణపు గొర్రెలు పోతాయి, అప్పటికి మా మందలో సగం అవే. ఆ సంగతి బాపమ్మ కూడా అనలేదు. బాపు అప్పుడు మందతో ఎక్కడో ఉన్నాడు. వచ్చాక విని, అన్నతో మాటలు మానేశాడు. ఆయన చేతనైంది అంతే.

సాయిలుకు మనిషిని పంపుదామని బాపమ్మ అనేలోపే కబురు వచ్చింది, అతను తన దిక్కు ఇంకొకామెను చేసుకున్నాడని. ఇంక ఎవరేం చేస్తారు.

గొంగడి మాత్రం తయారైంది. సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు పెద్దలు. ఇస్త్రీ ధోవతి మీద ఆ గొంగడి మడిచి భుజాన వేసుకుని పెద్దబాపు మీటింగులకు పోయేవాడు. గొర్రెల వాసన పడని మనిషికి గొంగడి మాత్రం ఓట్లప్పుడు పనికొచ్చింది. కులపెద్ద అయ్యాడు. ఎక్కడ మారుమనువు మాటొచ్చినా అక్కడికి పోయి ఆపించేవాడు. అది నాగరికం అన్నాడు, ముందడుగు అన్నాడు. మా ఊళ్లలో కడుపున పిల్లలు లేని పడుచు పిల్లలు ఎందరు అట్లా పుట్టింటి గోడలకు ఆనుకుని ముసలివాళ్లయ్యారో, వాళ్ల ఫోటోలు ఏ భవనంలో పెడతారు? ఆయన వేదిక ఎక్కి "మన గొంగడి మన గౌరవం" అంటుంటే, కింద ఆడవాళ్ల మధ్య కూర్చుని అత్త ఆ గొంగడి వైపే చూసేది. నాకు ఆ చప్పట్లు చెవుల్లో ఇప్పటికీ మోగుతాయి. ఆమె మిగిలిన బతుకు నన్ను పెంచడంలో పోయింది. నన్ను కరీంనగర్‌లో చదివించింది అత్త గొర్రెలే.

పెద్దబాపు పోయేనాటికి నాకు ఉద్యోగం వచ్చి చాలా కాలమైంది, ఊళ్లో నల్లగొర్రెలు పోయి బొచ్చు లేని తెల్లగొర్రెలు వచ్చాయి, ఎల్లయ్య తాత మగ్గం గుంటలో పిల్లలు చెత్త పోస్తున్నారు. పెద్దకర్మ నాడు చుట్టాలంతా తింటుండగా అత్త లోపలికి పోయి కొయ్యకు ఉన్న గొంగడి తీసి చంకలో పెట్టుకుని వచ్చింది. పెద్దబాపు కొడుకు, అంటే ప్రవీణ్ తండ్రి, అడ్డం వచ్చాడు.

"అత్తా, అది బాపుది. గుర్తుకు పెట్టుకుంటం."

"మీ బాపు ఒక్క పోగు వడికిండా?" అంది అత్త. వాడు పక్కకు జరిగాడు.

నా దగ్గరికి వచ్చి, "లచ్చీ, ఇచ్చోడ బస్సు ఏడ దొరుకుతది?" అంది. నేను మారు మాట్లాడకుండా చెప్పులు వేసుకున్నాను.

ఆ రాత్రి కరీంనగర్‌లో మా ఇంట్లో ఉండి, తెల్లవారుజామున ఎక్కిన బస్సులో అత్త గొంగడి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. మెట్‌పల్లి వస్తే కిటికీ లోంచి బయటికి చూసి, "అన్న ఈడిదాక తెస్తనన్నడు," అంది. గోదావరి దాటాం, ఘాట్ ఎక్కాం, ఇచ్చోడలో దిగి అడిగితే సాయిలు ఇల్లు చిన్నపిల్లవాడు చూపించాడు. సాయిలు వాకిట్లో కూర్చుని మేకకు ఆకు వేస్తున్నాడు. వెంట్రుకలన్నీ తెల్లబడ్డాయి. అత్తను చూసి లేచి నిలబడ్డాడు. లోపలి నుంచి ఆయన భార్య గంగుబాయి వచ్చి, ఎవరని అడిగింది. అత్త ఆమెకే చెప్పింది.

"అప్పట్ల మీ ఆయన మా ఇంట్ల ఉన్ని పెట్టి పోయిండు. వడికిన. పంపేతందుకు జర ఆలస్యమైంది, ఏమనుకోకు."

సాయిలు గొంగడి అందుకుని అంచు మీద వేలు రాశాడు. చాలా సేపు రాశాడు.

"నాకు ఉన్ని వాపసొచ్చింది గదా," అన్నాడు. "వడకకుండ. మీ అన్ననే తెచ్చి, మా సెల్లెకు ఇష్టం లేదని సేతుల పెట్టిండు. అది నా మంద ఉన్ని గాదు గూడ. నాది ఎర్రనలుపు. వచ్చింది బొగ్గు లెక్క నలుపు. ఇష్టం లేకుంటె నాది నాకు పంపాలె గదా, నాది ముట్టను గూడ ముట్టక పారేసి మీ ఉన్ని పంపింది, నా మీద గంత కోపమేంటిదని మస్తు బాధ పడ్డ. మల్ల మీ దిక్కు మంద తోలలే."

నేను అప్పటిదాకా పెద్దబాపు దారం దాచుకున్నాడనే అనుకున్నాను. మా అటక మీది ఉన్ని మూటకట్టి, అత్త వద్దన్నదని అత్త పేరు మీద జవాబు ఇచ్చి వచ్చాడని అప్పుడే తెలిసింది. అత్తకు కూడా అప్పుడే తెలిసింది. అత్త మొహం చూడలేక నేను మేక వైపు చూశాను.

"గది నేను పంపలే," అంది అత్త మెల్లగా.

గంగుబాయి ఇద్దరినీ చూసింది. ఆమెకు అంతా అర్థమైంది, కురుమోళ్ల ఆడబిడ్డే కదా. మొగుడి చేతిలోంచి గొంగడి తీసుకుంది. విసిరి కొడుతుందేమో అనుకున్నాను. ఆమె దాన్ని రెండు సార్లు దులిపి, అరుగు మీద నిండుగా పరిచి, అత్త చెయ్యి పట్టుకుని, "కూసో అక్కా, పొద్దటి సంది బస్సుల వచ్చినవు," అని దాని మీద కూర్చోబెట్టింది. తర్వాత మాకు జొన్నరొట్టెలు చేసింది. సాయంత్రం బస్సెక్కేటప్పుడు గొంగడి అక్కడే ఉండనిచ్చి వచ్చాం.

రెండేండ్లకో మూడేండ్లకో సాయిలు పోయాడని కబురు వచ్చింది. గంగుబాయే చెప్పి పంపింది. మాలో మనిషిని మట్టిలో పెట్టేటప్పుడు సొంత గొంగడి కప్పుతారు. సాయిలుకు ఆ గొంగడే కప్పిందట.

ఇదంతా చెప్పేసరికి పిల్లల ముందు చాయ్ చల్లారిపోయింది. ప్రవీణ్ తల ఎత్తలేదు. వాడి తప్పేం లేదని నాకు తెలుసు, అయినా గొంతు తగ్గించుకోలేకపోయాను. "అద్దాల పెట్టెల పెట్టాలంటే ఇచ్చోడకు పోయి తవ్వుకొండ్రి," అన్నాను. "మీ తాతదని మాత్రం రాయకుండ్రి. మీ తాతను కన్నది కూడ మారుమనువేనని రాయుండ్రి, ధైర్యముంటే. లేకుంటే గా గుజ్జర్ల పేజీ గూడ తీసెయ్యుండ్రి."

ఆ స్నేహితుడికి ఇంకా ఒకటి తేలలేదు, పుస్తకాలు చేసేవాడు కదా, వివరం కావాలి. నెమ్మదిగా అడిగాడు, "అయితే మేడం, ఆ అమ్మకు మారుమనువు అయినట్టా, కానట్టా? మేం ఏమని రాయాలె?"

నేను నోరు తెరిచేలోపే పక్క గదిలోంచి అత్త గొంతు వినబడింది.

"కాలే బిడ్డా. కానియ్యలే. గట్లనే రాయుండ్రి."